తలుపులో ఎర్రనీళ్లు

ఆదివారం, ముసురు. హాజరైనవారు: ఉస్తాద్ యాదగిరి, నేను, కారు తెచ్చిన వెంకన్న, అతని తల్లి లచ్చమ్మ, భార్య సుజాత.

నా పాత డైరీలో ఆ రోజు ఇలా మొదలవుతుంది. ఇవాళ పొద్దున పక్కింటాయన కారు కడిగి తాళం వేసుకున్నాడు. నాలుగు తలుపులూ కలిసి ‘టక్’మన్నాయి. చేతిలో ఉన్న చాయ్ ఒలికింది. బతుకంతా కార్ల కరెంటు పని చేసి రిటైరైన వాణ్ణి, ఆ చప్పుడు నాకు కొత్త కాదు. అయినా అది వినపడితే ఆ ఆదివారం మళ్లీ కళ్ల ముందుకొస్తుంది, ఉస్తాద్‌తో సహా.

సూర్యాపేటలో ఆయన షాపులోనే నేను పని నేర్చుకున్నాను. చేరిన కొత్తలో ఒక లారీ హారన్ ఆగకుండా మోగుతుంటే నేను ఉరికి వైర్లు పీకబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. “డ్రైవర్‌ను అడిగినవా?”

“ఏమడగాలె ఉస్తాద్, ఊరందరికీ ఇనబడుతుంది గదా!”

“రోగమేందో అడగకుండనే సూదేస్తవారా? ముందు చెవి, తర్వాత చెయ్యి.”

ఆ మాట మీదే నా పనంతా నడిచింది. షాపు నాకప్పగించిన తర్వాత కూడా ఆయన రోజూ వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. చూపు మందగించింది కానీ చెవులు మాత్రం చురుగ్గా ఉండేవి.

వెంకన్నది సూర్యాపేటే. మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టి రోజూ కారులో పోయి వచ్చేవాడు. ఆ రోజు అతను కారు ఆపగానే లచ్చమ్మ దిగి, దూరంగా పోయి స్టూలు మీద కూర్చుంది. సుజాత డిక్కీ దగ్గర తల వంచుకొని నిలబడింది. డిక్కీలో ఆమె బట్టల పెట్టె ఉందని తర్వాత తెలిసింది.

వారం కిందట ముగ్గురూ అనంతగిరిలో సుజాత పుట్టింటికి పోతూ కోదాడలో ఆగారట. వెంకన్న చాయ్ తాగడానికి పోయాడు. సుజాత అత్తకు గోలీలు కొనడానికి మందుల దుకాణం మెట్లెక్కింది. వెనక సీట్లో లచ్చమ్మ ఒక్కతే ఉంది. ఉన్నట్టుండి తలుపులన్నిటికీ తాళాలు పడిపోయాయి. మనవడి కోసం పెట్టిన చైల్డ్ లాక్ వల్ల వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోలేదు. సుజాత రిమోట్ ఒత్తితే తాళం తెరుచుకున్నట్టే తెరుచుకొని మళ్లీ పడిందట. వెంకన్న ఉరికొచ్చి తాళంచెవి పెట్టి తీసేసరికి ఎండకు ఆమె సోయి తప్పింది. దవాఖానలో కళ్లు తెరిచింది.

“రిమోట్ ఎవరి చేతుల ఉందో గది కూడ చెప్పురా,” అంది లచ్చమ్మ.

వెంకన్న గొంతు తగ్గించాడు. “మిర్యాలగూడల చూపిస్తే కారుల ఏ తప్పు లేదన్నరు ఉస్తాద్. అమ్మేమో, ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె అంటుంది. సుజాతను అనంతగిరిల దింపొస్తందుకు పోతున్నం. పొయ్యేముందు మీకొకసారి చూపిద్దామని.”

ఉస్తాద్ కారు వైపు పోలేదు. లచ్చమ్మ ముందు కూర్చున్నాడు. “గా పొద్దు బయలెల్లే ముందు ఏం చేసిన్రు చెల్లె?”

“ఏం జేస్తం? పయనం అనంగనే దిష్టి తీస్త. గా పొద్దు తీసిన, ఇయ్యాల కూడ తీసిన.”

ఆయన లేచి డ్రైవర్ తలుపు మెల్లగా అటూ ఇటూ ఊపి, చెవి ఆనించి విన్నాడు. తర్వాత సుజాత చేతిలోని రిమోట్ తీసుకొని లచ్చమ్మ అరచేతిలో పెట్టాడు. “గట్టిగ పట్టుకోకు, ఒత్తకు.” వచ్చి డ్రైవర్ తలుపు దబ్బున మూశాడు.

టక్. నాలుగు తలుపులూ, డిక్కీ, అన్నిటికీ తాళాలు పడిపోయాయి.

లచ్చమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. “నేను ఒత్తలే! మైసమ్మ తోడు, నేనేం ఒత్తలే!”

“నువ్వు ఒత్తలేదంటే మేం నమ్ముతున్నం గద చెల్లె,” అన్నాడు ఉస్తాద్.

సుజాత మొదటిసారి తలెత్తింది.

తాళంచెవితో తలుపు తీసి, దాని అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచాను. తడిసి ముద్దయిన మిల్లు ఊక ఊడి పడింది. వెంటనే సిమెంటు గచ్చు మీదికి ఎర్రటి నీళ్లు కారాయి. నెత్తురేమో అనిపించిందొక్క క్షణం. అవి పసుపూ సున్నం కలిపిన దిష్టి నీళ్లు. అందరూ వాటిని వీధిలో పారబోస్తారు. లచ్చమ్మ మాత్రం కొడుకు కూర్చునే వైపు అద్దం మీద పోసేది, ఊరి కళ్లన్నీ వాడి మీదే ఉన్నాయని. అద్దానికీ రబ్బరుకూ మధ్య నుంచి అవి లోపలికి దిగాయి, ఊక అడ్డుపడి అక్కడే నిలిచాయి. మిగతా తలుపులకు హుకుం ఇచ్చే మోటారు ఆ తలుపులోనే ఉంటుంది. నీళ్లు కదిలి దాని వైర్లకు తగిలినప్పుడల్లా తాళాలు వాటంతటవే పడుతున్నాయి.

“అమ్మా, నువ్వేనా!” అని వెంకన్న అరిచాడు.

ఉస్తాద్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. “వారమంత ఒకల పేరు తీసిన్రు. ఇగ ఇంకొకల పేరు తియ్యకు. తప్పు యాడుందో చూపించిన, ఖతం.”

కొత్త మోటారు బిగించాను కానీ తలుపు ఆరాలని కారు షాపులోనే ఉంచుకున్నాం. ముగ్గురూ ఆటోలో ఇంటికి పోయారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పెట్టె మాత్రం డిక్కీలోనే ఉండిపోయింది.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. ఇంట్లో ఏదైనా చెడిపోయినా, పోయినా, ఎవరు చేశారని అడగబోయి నాలుక కరుచుకుంటాను. తప్పు ఎక్కడుందో వెతుకుతాను. ఆయన నాకిచ్చిన పనిముట్లలో ఇప్పటికీ తుప్పు పట్టనిది ఇదొక్కటే.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి అత్తాకోడళ్లు మెట్ల మీద కూర్చొని ఉన్నారు. వెంకన్న రాలేదు. లచ్చమ్మ తిన్నగా కారు దగ్గరికి పోయి, వెనక సీట్లో కూర్చొని తానే తలుపు మూసుకుంది. “రిమోట్ సుజాతకియ్యి,” అంది నాతో లోపలి నుంచి. “తాళం వెయ్యి బిడ్డా.”

సుజాత ఉస్తాద్ వైపు చూసింది. టక్. లోపల లచ్చమ్మ కళ్లు మూసుకొని ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది. మళ్లీ టక్, తాళాలు తెరుచుకున్నాయి. సుజాత ఉరికి తలుపు తీసింది.

లచ్చమ్మ దిగి, చెమట తుడుచుకొని, డిక్కీ తెరిపించింది. పెట్టె తానే దించి చంకనెత్తుకుంది.

“బరువుందత్తమ్మా, నాకియ్యి.”

“ఉండనీ,” అని ఆమె ఇంటి దారి పట్టింది.