పసుపు గీతకి అవతల

“నడిస్తే నాకు యాభై నిమిషాలు పట్టేది తల్లీ. ఈ బండి చూడు, సిగరెట్టు అయ్యేలోపల దాటించేస్తుంది” అన్నాడు ఒబ్రాద్ బాబాయ్, కిటికీ అద్దానికి నుదురు ఆనించి.

ముఖం మీద నలభై రోజుల గడ్డం. మా వైపు మగవాళ్లు సొంత మనిషి పోతే అన్నాళ్లూ కత్తి ముట్టరు. ఆ తెల్ల గడ్డం ఆయన ముఖానికి నప్పలేదు, ఎవరి దగ్గరో అడిగి పెట్టుకున్నట్టుంది. ఒళ్లో గుడ్డసంచి. అందులో కాఫీ పొట్లం, పంచదార బిళ్లల డబ్బా, ప్లమ్ పళ్ల సారా సీసా. నలభయ్యో రోజుకి వెళ్లేవాళ్లు పట్టుకెళ్లేవే.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఈ పట్టాలకి కాపలా మనిషి. రోజూ తెల్లవారగానే సుత్తి, లాంతరు పట్టుకుని మా ఊరు బేలో పోల్యె దగ్గర్నుంచి లోయలోకి నడవడం, కొండ మీంచి రాళ్లేమైనా జారాయేమో చూడడం. అన్నేళ్లలో టిక్కెట్టు కొని ఈ బండెక్కి సరిహద్దు అవతల సెర్బియా వైపు వెళ్లడం ఇదే మొదలు. ముందురోజు సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, “నాతో పాటు రా. ఒక్కణ్ణీ వెళ్లలేను” అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. పోయినవాడు రాదిసావ్, అవతలివైపు కాపలా మనిషి. ఆయన భార్య గొస్పావా నాకూ తెలుసు. ఆవిడ మీగడ జున్ను పదేళ్లు కొనుక్కున్నాను.

టిక్కెట్ కలెక్టరు స్లావోల్యూబ్ తలుపు తోసుకుని వచ్చాడు. “ఏం బాబాయ్, నువ్వు టిక్కెట్టు కొనడమేంటి? పట్టాల మీద ఇంతకాలం నడిచావు, రైల్వే వాళ్లే నీకు బాకీ.”

“పంచ్ చెయ్యరా, వాగకు.”

“గడ్డంతో సన్యాసిలా ఉన్నావ్. మఠంలో ఖాళీ ఉందంట, చెప్పనా?”

“మీ అత్తగారు వంట చేసే మఠమైతే నాకొద్దు.”

స్లావోల్యూబ్ నవ్వబోయి, సంచీలోని సీసా మూతి చూసి ఆగిపోయాడు. టోపీ తీసి, “దేవుడు ఆయన ఆత్మని చల్లగా చూడాలి” అని వెళ్లిపోయాడు.

రైలుపెట్టెలో పక్క గదిలోంచి విదేశీ పర్యాటకుల కేకలు వినిపిస్తున్నాయి. సొరంగం దాటి బండి వంతెన ఎక్కగానే అందరూ ఒక్కసారిగా కిటికీల దగ్గరికి పరిగెత్తారు. కింద లిమ్ నది, మంచు కరిగిన నీళ్లతో ఆకుపచ్చగా, లోతుగా. ఒక అమ్మాయి మా గదిలోకి తల పెట్టి, కెమెరా చూపించి, ఫొటో తియ్యమని చేత్తో సైగ చేసింది. ఆయన లేచి ఆమెనీ, ఆమె స్నేహితుణ్ణీ కిటికీ పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. వాళ్లు సంతోషంగా వెళ్లిపోయారు.

“వాళ్ల వెనకాల కనిపించే ఆ ఎర్రరాయి ఉందే, దాని కింద పట్టా రెండుసార్లు మార్చాం. కొండ ప్రతి మార్చిలోనూ అక్కడే ఊడుతుంది” అన్నాడు కూర్చుంటూ.

రాదిసావ్ పోయింది మార్చిలోనే. మనిషి తనంతట తాను మొదలుపెట్టే దాకా కూర్చోవడం నాకు అలవాటే.

“బిళ్ల సంగతి నీకు తెలుసా?” అన్నాడు.

తెలియదన్నాను.

కాపలా మనుషులిద్దరూ ఎదురెదురుగా నడుస్తారట. ఇటు నుంచి ఆయన, అటు నుంచి రాదిసావ్. నడుమ సొరంగం దగ్గర కలిసి, చేతిలో ఉన్న ఇత్తడి బిళ్లలు మార్చుకోవాలి. ఒబ్రాద్ చేతికి రాదిసావ్ నెంబరున్న బిళ్ల వస్తేనే ఆ రోజు చివరిదాకా నడిచినట్టు ఆఫీసులో నమ్ముతారు. ఒకరు దగ్గితే ఆ జలుబు ఎప్పుడు పట్టిందో రెండోవాడికి తెలిసేంతగా ఏళ్లతరబడి మార్చుకున్నారు. రాదిసావ్ పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఈయనే. అలా ఎత్తుకున్నవాణ్ణి మేం కూమ్ అంటాం. అప్పట్నుంచి ఇద్దరూ ఒకరినొకరు కూమా అనే పిలుచుకునేవారు.

“తర్వాత దేశం రెండైంది. సొరంగం గోడ మీద ఎవరో వచ్చి పసుపు గీత గీసిపోయారు. బిళ్లలు ఆపేశారు. నడక అయ్యాక సొరంగం మూతి దగ్గర ఫోను చేస్తే చాలన్నారు. మేం మాత్రం మానలేదు. ఒకరోజు అటు వెళ్లి వాడి ఫ్లాస్కులో కాఫీ, ఒకరోజు వాడే ఇటు. ‘ఏం కూమా, ఈవేళ నా దేశంలో తాగుతావా, నీ దేశంలోనా?’ అనేవాడు.”

“మరి?”

“కిందటి చలికాలం కొత్త పోలీసు కుర్రాడొకడు నన్ను గీతకి అవతల నలభై అడుగుల్లో పట్టుకున్నాడు. నా మీద ఆఫీసుకి కాగితం రాశాడు. మా పెద్దాయన పిలిచి, మళ్లీ దాటితే ఉద్యోగం ఊడుతుంది, పెన్షను కూడా అనుమానమే అన్నాడు. నాకు పెన్షనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ తర్వాత నేను గీత దాటలేదు. వాడే వచ్చేవాడు. ‘పెద్దమనిషివి, కాలు నొప్పెడుతుంది, నువ్వు నిలబడు’ అని ఎగతాళి.”

బండి మళ్లీ సొరంగంలోకి దూరింది. దీపం వెలగలేదు. చీకట్లో చక్రాల మోత, దాని మీద ఆయన గొంతు.

“ఇదే. గీత ఇక్కడే ఎక్కడో ఉంది. కనపడదు.”

చీకట్లోనే చెప్పాడు. ఆ రోజు మంచు వానగా మారిందట. వేళకి గీత దగ్గర నిలబడ్డాడు. రాదిసావ్ రాలేదు. పావుగంట చూశాడు. కాపలా వాళ్లకి పిలుపు ఒకటుంది, ఒకరు మూడు దెబ్బలు కొడితే అవతలివాడు మూడు తిరిగి కొట్టాలి. సుత్తితో పట్టా మీద కొడితే ఆ చప్పుడు ఇనుము పట్టుకుని చాలా దూరం పోతుంది. ఈయన మూడు దెబ్బలు కొట్టాడు. వంగి, చెవి ఆనించాడు.

“రెండు వినిపించాయి. మెల్లగా. మూడోది రాలేదు.”

చీకట్లో ఆయన వేలు సీటు చెక్క మీద రెండుసార్లు తట్టింది.

“చలికి పట్టా బిగుసుకుంటే కూడా అలా టక్కుమంటుంది తల్లీ. అదేలే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా, అది నాకే తెలియదు. ఆఫీసుకి ఫోను చేస్తే, అది నీ హద్దు కాదు, వాళ్లకి చెప్తాం, నువ్వు వెనక్కి రా అన్నారు. వచ్చేశాను. వచ్చి సూపు తాగాను. వేడిగా ఉంది. ఇంకో గిన్నె పోయించుకున్నాను.”

బండి వెలుగులోకి వచ్చింది. ఆయన కళ్లు పొడిగా ఉన్నాయి. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

“గంటన్నర తర్వాత గూడ్సు డ్రైవరు చూశాడు. సొరంగం అవతలి మూతి దగ్గర రాయి తొడ మీద పడింది. నెత్తురు పోయింది. చేతిలో సుత్తి అలాగే ఉందంట. గీతకి నూట ఎనభై అడుగులు. తర్వాత ఆ పోలీసు కుర్రాణ్ణే కొలిచి చెప్పమన్నాను. పాపం, ఏడుస్తూ కొలిచాడు.”

“అంత్యక్రియలకి నువ్వు వెళ్లలేదు కదా బాబాయ్?”

“కాగితాలు సరిగ్గా లేవు, సరిహద్దులో ఆపుతారని కబురు పంపాను. అందరూ నమ్మారు. ఇక్కడ సరిహద్దుని తిడితే నమ్మని వాడెవడు? గొస్పావా ఫోనులో నన్నే ఓదార్చింది. ‘మనల్ని కత్తితో కోసినట్టు కోసేశారు కూమా, నువ్వేం చేస్తావు’ అంది. ఆ మాట విన్నప్పట్నుంచీ నేను నిద్రపోలేదు.”

సరిహద్దు అవతలి స్టేషను వచ్చింది. బండి ఇక్కడ అరగంట ఆగుతుంది, ఇంజను మారుస్తారు. నీలం చొక్కా పోలీసు గదిలోకి వచ్చాడు. నా గుర్తింపు కార్డు చూశాడు, ఆయనది తీసుకున్నాడు.

“ఎక్కడికి తాతా?”

“ఇక్కడికే. నలభయ్యో రోజుకి.”

“ఎవరిది?”

“నా కూమ్‌ది.”

పోలీసు కార్డు తిరిగి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని ఒక క్షణం పట్టుకుని వదిలాడు. “మీకు దేవుడు ఆయుష్షు ఇవ్వాలి” అని తలుపు మెల్లగా మూసి వెళ్లిపోయాడు.

ఒబ్రాద్ బాబాయ్ కార్డు వంక చూస్తూ ఉండిపోయాడు. “చూశావా? ఒక్క నిమిషం పట్టలేదు” అన్నాడు. “ఇంతేనా తల్లీ ఇది?”

నేను కిటికీ అద్దం కిందికి దించాను.

కిటికీలోంచి రాదిసావ్ ఇల్లు కనిపిస్తోంది. స్టేషను వెనక గట్టు మీద, గేటుకి నల్లగుడ్డ కట్టి ఉంది. పెరట్లో పొడుగాటి బల్ల వేశారు. జనం వచ్చారు కానీ ఒక్కరూ కూర్చోలేదు. మా దగ్గర నలభయ్యో రోజున కూమ్ వచ్చి మొదటి చెంచా ఉడికిన గోధుమలు నోట్లో వేసుకున్నాకే మిగిలినవాళ్లు కూర్చుంటారు. బల్ల చివర నల్ల రుమాలు కట్టుకున్న గొస్పావా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రైలు వైపే చూస్తోంది.

“పద బాబాయ్. నీ కోసమే చూస్తున్నారు.”

ఆయన లేవలేదు.

“నేను వెళ్తే ఏమవుతుందో తెలుసా? గేటు దగ్గరికొచ్చి నా చెయ్యి ముద్దుపెట్టుకుంటుంది. మా వాళ్ల పద్ధతి, ఆపలేను. ఒకసారి అది జరిగాక ఇక నా నోరు పెగలదు. తిని, తాగి, మంచివాడిలా తిరిగొస్తాను. చచ్చేదాకా అలాగే ఉంటాను.”

“అయితే చెప్పకు. ఇప్పుడు చెప్పి ఆవిడకి ఏం మిగులుస్తావు? పోయినవాడు రాడు కదా.”

నేనన్నది ప్రేమతోనే. కానీ ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు. చాలా దూరం నుంచి చూసినట్టు చూశాడు.

“వాడు కొట్టాడు తల్లీ. చచ్చిపోతూ కొట్టాడు. అవతల నేనున్నానని తెలిసే కొట్టాడు. దానికి సాక్షి నేనొక్కణ్ణే. వాడి పెళ్లానికి తెలియద్దా?”

ఇంజను విడదీసిన కుదుపు వచ్చింది. విదేశీయులు ప్లాట్‌ఫారం మీద దిగి కొండల్ని ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన సంచి తీసి నా ఒళ్లో పెట్టాడు.

“ఇంకా ఇరవై నిమిషాలుంది. నువ్వు ముందు దిగు. ఇవి బల్ల మీద పెట్టు, నేను పంపానని చెప్పు. తర్వాత గొస్పావాని ఇంటి వెనక్కి తీసుకెళ్లు. అందరి ముందూ వద్దు. రెండు దెబ్బలు విన్నానని చెప్పు. సూపు సంగతి కూడా చెప్పు, దాచకు. ఆవిడ ఏడిస్తే పట్టుకో. నన్ను తిడితే ఆపకు, తిట్టనీ. చివర్న ఒక్క మాట అడుగు తల్లీ, ‘ఒబ్రాద్ బండిలోనే ఉన్నాడు, దిగమంటావా?’ అని. ఆవిడ ఏమంటే అది వచ్చి నాకు అలాగే చెప్పు. మెత్తగా చెయ్యకు. వెళ్లు, ఇంజను తగిలించేస్తారు.”