రత్నకుమారి పేరు కోసేసిన పోస్టరు

మా చిన్నప్పుడు... ఎగ్జిబిషన్ వస్తోందంటే వీధిలో అందరికంటే ముందు మాకే తెలిసేది. మా నాన్న గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవారు. గోడలకి అంటించే పోస్టర్లు అక్కడే అచ్చయ్యేవి. వేసవి సెలవుల్లో నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళే పని నాది... వెళ్ళేసరికి దండేల మీద తడి ఆరని పోస్టర్లు వేలాడుతుండేవి. జెయింట్ వీల్, అద్దాల మహలు, మనిషి తలతో మాట్లాడే పాము...

రంగు పక్కకి జరిగినవి నాన్న నాకిచ్చేసేవారు. "ఈ చెత్తంతా ఎక్కడ పెట్టనే తల్లీ" అని విసుక్కుంటూనే అమ్మ పాత భోషాణంలో చోటు చేసేది.

ఒకరోజు వెళ్ళేసరికి ప్రెస్సులో పెద్ద గొడవ. మృత్యు బావి గుర్తుందా... చెక్కలతో కట్టిన బావిలో, గోడ మీద మోటార్ సైకిల్ గిరగిరా తిప్పుతారే... ఆ బండి నడిపే ఆవిడ వచ్చింది. పోస్టరు మీద బొమ్మ ఆవిడదే. పేరు మాత్రం లేదు. 'సాహస వనిత' అని ఉందంతే.

"బండి నడిపేది నేను, పడితే విరిగేవి నా ఎముకలు. నా పేరెయ్యడానికి మీకొచ్చిన కష్టమేంటండీ?" అని, పోస్టర్ల కోసం వచ్చి ఉన్న ఎగ్జిబిషన్ యజమానిని నిలదీసింది.

"పేరు చూసి ఎవరొస్తారమ్మా... బొమ్మ చూసి వస్తారు గానీ" అన్నాడాయన.

"అయితే ఇవాళ ఆట కూడా ఆ బొమ్మ చేతే ఆడించుకోండి" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన దిగొచ్చాడు. నాన్న పోస్టరు అడుగున ఒక పట్టీ చేర్చి, పెద్ద అచ్చు అక్షరాలు ఏరి కూర్చారు... 'అవనిగడ్డ రత్నకుమారి'. మొదటి కాపీ ఆరకముందే ఆవిడ తన పేరు మీద వేలు పెట్టింది. సిరా అంటిన వేలు చూసుకుని ఎంత నవ్విందో! ఒక కాపీ నా చేతిలో పెట్టి, "దాచుకో అమ్మడూ" అంది.

ఆ సాయంత్రం బావి పైన నిలబడి చూశాను. ఆవిడ చేతులు వదిలేసి నా కిందుగా దూసుకెళ్ళినప్పుడు నా కాళ్ళ కింద చెక్కలు ఊగిపోయాయి...

అప్పటినుంచి నాకదే పిచ్చి. బందరు, గుడివాడ, తెనాలి... ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా పోస్టర్లు, టికెట్లు, కాగితం టోపీలు పోగేసేదాన్ని.

మొన్నీమధ్య ఊరి బయట కొత్తగా కట్టిన ఒక పార్కు వాళ్ళు, ఫేస్‌బుక్‌లో నేను పెట్టిన ఫోటోలు చూసి ఇంటికొచ్చారు. పాత ఎగ్జిబిషన్ల మీద ఒక గది పెడుతున్నారట. "కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాం మేడమ్" అన్నారు. నేనూ మురిసిపోయి అన్నీ అరువుగా ఇచ్చాను.

ప్రారంభం రోజు మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. మంచి ఫ్రేములు, పైన లైట్లు... రత్నకుమారి పోస్టరు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. అడుగు పట్టీ లేదు! తిన్నగా కోసేశారు. పక్కన ఇంగ్లీషులో చీటీ... 'వింటేజ్ లేడీ రైడర్'.

మేనేజర్‌ని పిలిచి అడిగాను.

"ఫ్రేములన్నీ ఒకే సైజండీ మేడమ్. కింద పేరే కదండీ ఉంది... బొమ్మకేం కాలేదు."

"ఆ ముక్క ఏదీ?"

"చెత్తలో పోయుంటుందండీ."

ఎంత మామూలుగా అన్నాడో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆట మానేస్తానని పట్టుబట్టి వేయించుకున్న పేరది. ఇంతకీ ఎవరి వస్తువని కత్తెర వేశారు వీళ్ళు?

"నావన్నీ దింపండి" అన్నాను.

"ఇవాళే ఓపెనింగండీ... గెస్టులొచ్చేశారు..."

"మీరు దింపుతారా, నన్ను కుర్చీ ఎక్కమంటారా?"

జనం మూగారు, ఫోన్లు తీశారు. తియ్యనీ! అన్నీ దింపించి, ఆటోలో వేయించుకుని ఇంటికొచ్చేశాను.

"ఫోటో ఉంది కదమ్మా, పేరు ప్రింటు తీసి అతికిద్దాం" అంది మా అమ్మాయి. నా బాధ చూడలేకే అంది, పాపం. కానీ అవి మా నాన్న చేత్తో కూర్చిన అక్షరాలు... ప్రింటు తీస్తే వస్తాయా? రోజులు గడిచినా నా కోపం ఇంకా చల్లారలేదు.

ఇప్పుడు పాత వస్తువంటే అందరికీ ముచ్చటే... పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. అందులో ఉన్న మనిషి ఎవరని అడిగేవాళ్ళే లేకుండా పోయారు...

మీ ఊరి ఎగ్జిబిషన్లో బండి నడిపినవాళ్ళు, జెయింట్ వీల్ తిప్పినవాళ్ళు, గేటు దగ్గర టికెట్లు చింపినవాళ్ళు ఎవరైనా గుర్తున్నారా? కింద రాయండి... ఊరు, పేరు, పూర్తిగా రాయండి.