ఏదో ఉందమ్మా

మచిలీపట్నంలో రొయ్యల మేత కొట్టు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నా మొదటి వెబ్‌సైటు అక్కడే, కరెంటు ఉన్నంతసేపూ కూర్చుని కట్టాను. కంప్యూటర్ చదువు అప్పుడే పూర్తయింది. సెంటర్ ఆయన నాకు చుట్టం కాదు, అయినా బావగారే. మూలనున్న కంప్యూటర్ని సర్వరుగా వాడుకోమని ఇచ్చారు. ఇప్పుడా సెంటరు లేదు. తలుచుకుంటే మాత్రం పక్క కొట్లోంచి వచ్చే చేపపొడి వాసనే ముందు గుర్తొస్తుంది. ఆ వాసన మీద కూడా బెంగ పెట్టుకుంటారా అంటే, నేను పెట్టుకున్నాను.

మాది కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులున్న ఊరు. చెరువులన్నిటికీ కాలువ ఒక్కటే. ఒక చెరువుకి తెల్లమచ్చ జబ్బు వచ్చిందని వెంటనే తెలిస్తే, మిగతావాళ్ళు తూములు మూసుకుని గట్టెక్కుతారు. ఆలస్యమైతే అందరూ మునుగుతారు. ఆ కబురు చేర్చడమే నా సైటు పని.

డేటాబేసులో ఒకటే టేబుల్: ఊరు, చెరువు, తేదీ, పరిస్థితి. ఒక అడ్రసు కొడితే చెరువులన్నీ కనిపించాలి, ఇంకోటి కొడితే కొత్త వివరం చేరాలి. ఎటొచ్చినవాళ్ళని ఎటు పంపాలో ఆ రూట్లు రాస్తుంటే, లాకుల దగ్గర నిలబడి నీళ్ళు పంచుతున్నట్టుండేది. పరిస్థితి గడిలో రెండే మాటలు పెట్టాను: బాగుంది, జబ్బు. ఇంకేదీ లోపలికి రానివ్వద్దని డేటాబేసుకి గట్టిగా చెప్పి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మేతకొచ్చిన రైతులని ఆపి, అడిగి టైపు చేసేదాన్ని.

"చెరువు ఎలా ఉందండీ?"

"ఏదో ఉందమ్మా."

"బాగుందా, జబ్బా?"

"ఏదో, అట్టా ఉంది."

బాగుందంటే దిష్టి. జబ్బంటే కొనేవాడు రేటు కోసేస్తాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో వింటున్న మాటే, గడి కట్టేటప్పుడు గుర్తే రాలేదు. ఒళ్ళు మండి మూడో మాట చేర్చాను: ఏదో ఉంది. టేబులంతా దాంతోనే నిండిపోయింది.

"ఈ మాట వినటానికి ఇంటర్నెట్టు ఎందుకమ్మా, టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలదూ" అని బావగారు పడీపడీ నవ్వారు.

ఒకరోజు పొద్దున్నే మా నాన్న వచ్చాడు. మేత కొనలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "మన చెరువు ఎక్కించమ్మా" అన్నాడు. అలవాటు కొద్దీ ఏదో ఉంది నొక్కబోయాను.

"అది కాదు. జబ్బు అని పెట్టు. రొయ్యలు గట్టుకొచ్చేస్తన్నాయి."

నా చెయ్యి ఆగిపోయింది. సరుకు ఇంకా చెరువులోనే ఉంది. కబురు పొక్కితే సగం ధరకి కూడా ఎవరూ ముట్టుకోరు.

"రొయ్యలు పట్టి అమ్మేశాక పెడదాం నాన్నా."

"ఈలోపు పక్కవాళ్ళు ఆ కాలువ నీళ్ళే పెట్టుకుంటారు." తెర మీద మా చెరువు గడి చూపించి అన్నాడు, "నువ్వు కట్టినదాంట్లో ఆ గడి ఖాళీగా ఉంటే ఎట్టాగమ్మా."

నొక్కాను. బావగారు మా ఊళ్ళో ఫోన్లున్న ఇళ్ళన్నిటికీ చేసి ఆ పేజీ చదివి వినిపించారు. విన్నవాళ్ళు తూములు మూసుకున్నారు. మా సరుకు అయినకాడికి అమ్ముకున్నాం.

పంట చేతికొచ్చే రోజుల్లో మా పక్క చెరువు రైతు సెంటరుకి వచ్చాడు. నేను అడగకముందే, "మాది బాగుందమ్మా. బాగుంది అనే రాయి" అన్నాడు.

"దిష్టి తగులుతుందేమో బాబాయ్" అన్నాను.

"తగిల్తే తగల్నీ. మీ నాన్న చలవ."

నా టేబుల్లో మొదటి బాగుంది అదే. టైపు చేస్తుంటే నాకు అక్షరాలు కనిపించలేదు.