చెప్పుల డాక్టరు, పదకొండు నలభై దొంగ

మా వీధి మొదట్లో, ఎప్పుడో మూతపడిన ప్రింటింగ్ ప్రెస్ షట్టరు ముందు కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయనకు ఎవరి మొహమూ గుర్తుండదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే మూల, అదే చెక్కపెట్టె, అదే నల్లగొడుగు. ఎదురుగా నిలబడి "బాగున్నారా?" అంటే ముందు మన పాదాల వైపు చూసి, ఆ తర్వాతే "ఆఁ, మూడో అంతస్తు అమ్మా, రా రా" అంటాడు. చెప్పు చేతికివ్వగానే "ఎక్కడమ్మా నొప్పి?" అని అడుగుతాడు. మనల్ని కాదు, చెప్పుని. అందుకే పిల్లలు ఆయనకు చెప్పుల డాక్టరని పేరు పెట్టారు. పెద్దవాళ్ళం కూడా అదే పేరుతో పిలుస్తాం. అసలు డాక్టరు వీధి చివర ఉన్నాడు గానీ, ఆయన దగ్గర ఇంత జనం ఉండరు.

చిన్నప్పుడు ఆయనకు విపరీతమైన సిగ్గట. కొత్తవాళ్ళు ఇంటికొస్తే మంచం కింద దూరేవాడట. ఇలాంటివాడు ఎలా బతుకుతాడురా అని తల్లి బెంగ పెట్టుకుంటే, మేనమామ తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుని, తోలుకి చిల్లు పొడిచే ఆరె చేతికిచ్చాడు. తల ఎత్తక్కర్లేని పని దొరకడంతో కుర్రాడు నిలదొక్కుకున్నాడు.

పెళ్ళి కథ ఆయన చెప్పడు, ఆయన భార్య చెబుతుంది. రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకొచ్చి, ఆయన తిన్నంతసేపూ అక్కడున్న వాళ్ళకి చెబుతుంది. ఆవిడ ఒకప్పుడు ఆ ప్రెస్‌లోనే కాగితాలు మడతపెట్టే పని చేసేది. చెప్పు పట్టీ వారానికి మూడుసార్లు తెగేది.

"నాలుగోసారి వెళ్తే ఈయన మొహం మాడ్చుకుని, నా కుట్టులోనే ఏదో లోపం ఉందండీ అన్నాడు. లోపం కుట్టులో లేదయ్యా, నేనే తెంపుకొస్తున్నాను అన్నాను. అప్పుడైనా తలెత్తాడా? లేదు! అంత మంచి తోలు ఎలా తెంపారండీ అని చెప్పు పట్టుకుని బాధపడ్డాడు."

"బాధ కాదా మరి? మూడు వరసలు కుట్టాను," అంటాడాయన ముద్ద మింగుతూ.

ఇలాంటి మనిషిని ఆ మూల నుంచి లేపేయాలని ఒక ఆదివారం మా వీధివాళ్ళం అందరం చేరాం. ఆ పాపంలో మొదటి వాటా నాది. అదెలాగో చెబుతాను.

నేను నీళ్ళ నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. కొలవనిదే ఏదీ నమ్మను. కొలిచాక కూడా భయపడతాను, అది వేరే సంగతి. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండగానే "ఇంక నేను ఒక్కదాన్నే బడికెళ్తా" అంది. వాళ్ళ నాన్న "వెళ్ళవే తల్లీ" అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కారణం, నా ఫోనులో ఉన్న "మన వీధి, మన భద్రత" గ్రూపు. పద్నాలుగు నెలల్లో అందులో ఆరువందల పదకొండు హెచ్చరికలు వచ్చాయి. నేనే లెక్కపెట్టాను. ఎవరో గోడ దగ్గర నిలబడ్డారు, ఎవరో గేటువైపు చూశారు, తెలియని బండి ఆగింది. నిజంగా పోయిందల్లా ఒక్క సైకిలు. అది కూడా లైబ్రరీ ముందు దొరికింది, పెట్టినాయనే మర్చిపోయాడు. ఈ లెక్క చూసి నాకు ధైర్యం రావాలి. కానీ ఆరువందల పదకొండు సార్లు గుండె దడదడలాడింది, సైకిలు దొరికినప్పుడు ఒక్కసారి మాత్రమే కుదుటపడింది.

కాబట్టి దారిని నేనే పరీక్షించాలనుకున్నాను. రోజూ తెల్లవారుతూ ఉండగా, ఐదున్నర దాటాక, మా ఆయన రెయిన్‌కోటు తగిలించుకుని బయల్దేరేదాన్ని. అవి వానల రోజులు. ఇంటి నుంచి బడికి నాలుగువందల పన్నెండు అడుగులు, పదిహేడు గేట్లు, రెండు కుక్కలు, కదిలే కాలవ మూత ఒకటి. ప్రతి గేటు దగ్గరా ఆగి చూసేదాన్ని. వీధి మొదట్లో డాక్టరు తాళం వేసి వెళ్ళిన పెట్టె మీద నోటుపుస్తకం పెట్టుకుని పెన్సిలుతో అన్నీ రాసుకునేదాన్ని. రెండడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని.

ఆ తిరగడం ఎంతవరకు వచ్చిందంటే, ఎడమ చెప్పు మడమ అరిగి చిల్లు పడింది. డాక్టరుకి చూపించాను.

"ఇదేంటమ్మా, ఒక్కచోటే గుండ్రంగా అరిగింది? బొంగరంలా తిరుగుతున్నావా దీనిమీద?"

"ఎవరైనా వెనకాల వస్తున్నారేమోనని చూస్తుంటానండీ."

"వచ్చారా ఎవరైనా?"

"ఇంతవరకూ లేదు."

"పాపం, ఆ సంగతి చెప్పుకి తెలీదుగా. అరిగిపోయింది," అని, పాత టైరులోంచి అర్ధచంద్రంలా ఒక ముక్క కోసి మడమకి మూడు మేకులతో బిగించాడు. ఆ ముక్క అంచు కొంచెం బయటికి పొడుచుకొచ్చింది. "అందానికి కాదు, ఆయుష్షుకి" అన్నాడు.

అలా ఉండగా డాక్టరు పెట్టెకి ఎదురుగా ఉన్న మందుల షాపతను తన కొత్త కెమెరాలో దొరికిన తొమ్మిది సెకన్ల వీడియో గ్రూపులో పెట్టాడు. కెమెరా తనే బిగించుకోవడంతో కిందికి వాలిపోయి, మనిషి నడుం నుంచి కిందికే కనిపిస్తాడు. మసక వెలుతురు, నల్లటి రెయిన్‌కోటు. ఆ మనిషి గేటు దగ్గర ఆగాడు, వెనక్కి తిరిగాడు, నడిచి వెళ్ళి డాక్టరు పెట్టె మీద వంగాడు. మూలన టైము: రాత్రి పదకొండు నలభై. ఒక్కరోజు కాదట, వరసగా ఐదు రోజులు అదే టైముకి.

నేను ఆగే చోటే వాడూ ఆగుతున్నాడు! నా కూతురి దారంతా వాడికి తెలుసు! "ఆ పెట్టెలో ఏదో పెట్టి వెళ్తున్నాడు, తెరిపించి చూడాలి" అని గ్రూపులో అందరికంటే ముందు టైపు చేసింది నేనే. తర్వాత మెసేజీలు వరదలా వచ్చాయి. చెప్పులాయన దొంగలకి కబుర్లు చేరవేస్తున్నాడన్నారు. అందుకే తల దించుకునే ఉంటాడన్నారు. ఆదివారం పెట్టె తెరిపించి, ఆయన్ని ఖాళీ చేయించాలని మా వీధి సంఘం అధ్యక్షుడు తీర్మానించాడు.

ఆదివారం ఉదయం పది గంటలకి అందరం మూల దగ్గర చేరాం. మా అమ్మాయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. డాక్టరు పక్కన ఆయన భార్య నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "చూడు పెద్దాయనా, మాకు నీమీద కోపమేం లేదు. పిల్లలున్న వీధి. రోజూ ఎవడో వచ్చి నీ పెట్టె దగ్గర ఆగుతున్నాడు. వాడెవడో చెప్పు, లేకపోతే ఈ చోటు ఖాళీ చెయ్యి."

"నాకెలా తెలుస్తుంది బాబూ, చీకటి పడకముందే ఇంటికెళ్ళిపోతాను. ఏదీ, ఒకసారి చూపించండి."

మందుల షాపతను ఫోను ముందుకు పెట్టాడు. డాక్టరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "పైన వద్దు, కాళ్ళు పెద్దవి చెయ్యండి. ఇంకొంచెం. మళ్ళీ వెయ్యండి." రెండోసారి చూశాక ఆయన మొహంలో నవ్వు మొదలైంది. వెంటనే దాన్ని మింగేసి, తల ఇంకా కిందికి దించేసుకున్నాడు.

"ఎవడు?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆ చెప్పు నేను కుట్టిందే. మనిషి మంచి మనిషి. భయపడకండి."

"పేరు?"

"చెప్పను బాబూ. డాక్టర్లు పేషెంట్ల సంగతులు బయటపెట్టరు."

"అయితే సామాను సర్దుకో."

"ఏమయ్యా, చెప్పేయ్!" అంది భార్య. ఆయన గొడుగు మడవడం మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళ గొడుగు. దాని ఊచలు ఒక్కొక్కటే మూసుకుంటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. తల దించుకున్నాను. ఆయన కూడా అటే చూస్తున్నాడు, నా కాళ్ళవైపు. మడమ అంచున టైరు ముక్క పొడుచుకొచ్చి ఉంది.

ఫోను లాక్కుని వీడియో మళ్ళీ వేశాను. అడుగు లేచింది. మడమ కింద అర్ధచంద్రం.

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆయన చచ్చినా చెప్పడని తెలుసు. సరిగ్గా అందుకే ఉండలేకపోయాను. చెప్పు విప్పి, అందరికీ అడుగు కనిపించేలా పైకెత్తాను.

"ఆ దొంగ నేనే," అన్నాను.

మా అమ్మాయి ఎగిరి గంతేసింది. "అమ్మ దొంగ! అమ్మ దొంగ!"

"రెయిన్‌కోటు నాది కాబట్టి ముఠాలో నేనూ ఉన్నట్టే," అన్నాడు మా ఆయన.

"కానీ రాత్రి పదకొండు నలభైకి నువ్వేం చేస్తున్నావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు, నోరు తెరుచుకునే.

"ఐదు నలభై అంకుల్, ఉదయం." అప్పుడు వెలిగింది నాకు. షాపులోకి పరిగెత్తి కెమెరా తెర చూశాను. బయట ఎండ మండిపోతోంది, తెర మీద మాత్రం తెల్లవారుజాము నాలుగూ ఐదు నిమిషాలు. సరిగ్గా ఆరు గంటలు వెనక. ల్యాబ్‌లో కొత్త మీటరు వస్తే సరిచూడకుండా ఒక్క చుక్క కూడా కొలవని దాన్ని, గడియారం సరిచూడకుండా ఒక మనిషిని దొంగల్లో కలిపేశాను.

"కెమెరా బిగించాను గానీ టైము పెట్టడం మర్చిపోయానండీ," అన్నాడు మందుల షాపతను.

"అవన్నీ సరే, పెట్టె తెరవాలన్నారుగా, తెరువు!" అంది డాక్టరు భార్య. "నీ దగ్గర దాచుకోడానికి నా తిట్లు తప్ప ఏమున్నాయో వీళ్ళూ చూస్తారు."

ఆయన తాళం తీశాడు. దారపు ఉండలు, మేకులు, ఎవరూ తీసుకెళ్ళని ఒంటి చెప్పులు. వాటి మధ్య మా ల్యాబ్ పేరున్న మూడు పెన్సిళ్ళు.

"మూత సందులోంచి పడుతున్నాయి కాబోలు. నాకు పెన్సిళ్ళెవరు పెడుతున్నారా అనుకున్నాను," అన్నాడు. "నాకు రాయడం రాదని కూడా తెలీనివాళ్ళెవరో అని నవ్వుకున్నాను."

వీధంతా పగలబడి నవ్వింది. గొడుగు మళ్ళీ తెరిచింది అధ్యక్షుడే. ఊచ ఒకటి ఇరుక్కుంటే పళ్ళు బిగించి లాగాడు. ఆ సాయంత్రం గ్రూపులో క్షమాపణ రాశాను. దాని కింద ఎవరో నా ఫొటోకి బదులు నా చెప్పు ఫొటో పెట్టారు, అరవైమంది దండాలు పెట్టారు. గ్రూపులో హెచ్చరికలు ఆగిపోయాయని అనను. కానీ ఇప్పుడు ఎవరైనా "అనుమానాస్పద వ్యక్తి" అని రాస్తే, వెంటనే ఒకరు "డాక్టరుగారికి చూపించారా?" అని అడుగుతున్నారు.

సోమవారం మా అమ్మాయి ఒక్కత్తే బడికి బయల్దేరింది. నేను కిటికీ దగ్గర నిలబడి నాలుగువందల పన్నెండు లెక్కపెట్టాను. సాయంత్రం దాన్ని అడిగితే "నాకు ఐదువందల ఆరు వచ్చాయమ్మా, నా కాళ్ళు చిన్నవి కదా" అంది. అది నాకు తట్టనే లేదు.

నెల తిరిగాక మొన్న దాని బూట్లూ నా చెప్పులూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బూట్లు తిరగేసి చూశాడు.

"సమానంగా అరిగాయి. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. గంతులేసిన గుర్తులున్నాయి గానీ, దానికి మందు లేదు."

"మరి నావి?" అన్నాను.

అర్ధచంద్రం మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్ది చూశాడు. మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"అరుగుతూనే ఉందమ్మా," అన్నాడు. "కాకపోతే, కాస్త నిదానంగా."