వంకర మేస్త్రి చేసిన ఒకే ఒక తప్పు

వంకర మేస్త్రికి నున్నటి గోడను చూస్తే ఒళ్ళు మండుతుంది. పాత ఇళ్ళ సున్నపు గారపనిలో ఆ ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. పని పూర్తయిన రోజున ఆయన్ని మెచ్చుకున్నవాడూ లేడు. పెచ్చులూడిన గోడను ఆయన బాగుచేసేది కొత్తగా కాదు, పాతగా. ఎప్పుడో పోయిన పాత మేస్త్రి చేతిలో గోడ ఎక్కడ ఉబ్బిందో మళ్ళీ అక్కడే ఉబ్బాలి. ఎక్కడ లొత్తపోయిందో అక్కడే లొత్తపోవాలి. తాపీ పట్టే ముందు కళ్ళు మూసుకుని గోడంతా అరచేత్తో తడిమి, "పొట్ట, ముప్పావు అంగుళం. బుగ్గ సొట్ట, పావు," అంటూ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు.

ప్లీడరు గారి వాకిలి మీద గార సింహం తల వానలకు ఊడిపోయింది. మేస్త్రి మళ్ళీ పెట్టిన తలను చూసి ప్లీడరు గారు కెవ్వుమన్నారు. కోర్టులో కూడా ఆయన అంత గొంతెత్తి ఎరగరు.

"ఇదేమిటయ్యా, మెల్లకన్ను! నిద్రలోంచి లేపిన పిల్లిలా ఉంది!"

"మొదట్నుంచీ అంతేనండి."

"రెండు కోరలైనా పెట్టు."

"పాతాయన పెట్టలేదండి."

"ఆయన జన్మలో సింహాన్ని చూసి ఉండడు!"

"చూడకపోయినా ఎంత ధైర్యంగా చేశాడో చూడండి," అన్నాడు మేస్త్రి.

డాక్టరు గారి భోజనాల గదిలో ఇంకా ఘోరం జరిగింది. కొత్త పూతలో పాత గుంట యథాస్థానంలో ప్రత్యక్షమైంది.

"అది మా ఆవిడ విసిరిన గరిటె దెబ్బయ్యా!" అని డాక్టరు గారు కొయ్యబారిపోయారు.

"తెలుసండి. అందుకే అమ్మగారిని అడిగి ఆ గరిటె తెప్పించి మరీ లోతు సరిచూసుకున్నా."

ఇవన్నీ తెలిసీ, రిటైరైన పోస్టుమాస్టరు గారు ఆయన్నే పిలవాల్సి వచ్చింది. సున్నపు గోడకు సిమెంటు పూస్తే ఏడాది తిరక్కుండా రాలిపోతుందని ఆయనకు ఒకసారి అనుభవమైంది. ఆదివారం బావమరిది వస్తున్నాడు. అతని కొత్త ఫ్లాటులో గోడలు అద్దాల్లా ఉంటాయట. పోయినసారి వచ్చినప్పుడు వెనక వసారా గోడ మీద చెయ్యేసి, "బావా, ఒంటె వీపు నిమిరినట్టుంది," అని వెళ్ళాడు. ఆ ఒంటెను ఆదివారంలోగా మాయం చేయాలన్నది పోస్టుమాస్టరు గారి ఏకైక జీవితాశయం.

పడగ్గది నుంచి పెరటి మెట్ల దాకా ఉన్న ఆ గోడకు నడుమెత్తున ఒక గార తీగ పాకి ఉంటుంది. సగం ఆకులు విరిగాయి. పువ్వుకు నాలుగున్నర రేకులే మిగిలాయి.

"ఆ తీగ చెక్కెయ్. గోడ మీద చీమ జారిపడాలి," అని పోస్టుమాస్టరు గారు ఆజ్ఞాపించారు.

"ఉండనివ్వండి దాన్ని, పాపం," అంది ఆయన భార్య. ఈ మధ్య ఆవిడ పొద్దుండగానే లైట్లు వేస్తోంది. పోయిన నెల పెరటి మెట్ల మీద పడి, చెప్పు జారిందంది.

మేస్త్రి ఇద్దరి మాటా విన్నాడు. కళ్ళు మూసుకుని గోడ తడిమాడు. వారం రోజులు పని చేసి, గోడ తొందరగా ఆరకుండా తడి గోనెపట్టాలు కప్పి ఉంచాడు. శనివారం సాయంత్రం వాటిని తీశాడు.

పోస్టుమాస్టరు గారి గుండె ఒక్కసారి ఆగి, ఆలోచించి, మళ్ళీ కొట్టుకుంది. ఒంటె వచ్చింది! తీగ వచ్చింది! పువ్వుకు నాలుగున్నర రేకులూ వచ్చాయి!

"ఆ అర రేకైనా పూర్తి చెయ్యలేకపోయావా?"

"పాతది అరేనండి."

ఆయన గోడ వెంట చివరిదాకా నడిచి, మెట్ల దగ్గర టక్కున ఆగారు. తీగ కొసన బొద్దుగా ఒక మొగ్గ! ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న గోడ. అక్కడ మొగ్గ ఏనాడూ లేదు.

"దొరికావు! ఇది పాత గోడలో లేదు!"

"లేదండి," అన్నాడు మేస్త్రి తలదించుకుని. "నా తప్పేనండి."

సూర్యుడు పడమర నుంచి లేచినా పోస్టుమాస్టరు గారు అంత నిర్ఘాంతపోయేవారు కాదు. ఇంకేదో అనబోతుండగా పడగ్గదిలోంచి భార్య వచ్చింది. ఇంకా లైటు వేయలేదు. ఆవిడ కళ్ళు ఎదురుగా ఉన్నాయి గానీ, చూపంతా ఎడమచేతి వేళ్ళలో ఉంది. గోడ పొట్ట దాటింది. అర రేకు దగ్గర మలుపు తిరిగింది. తీగ కొసన వేళ్ళకు మొగ్గ తగిలింది. ఆగింది. దాన్ని రెండుసార్లు తడిమి, తనలో తాను నవ్వుకుని, మెల్లగా అడుగు కిందికి వేసి, మెట్టు దిగి పెరట్లోకి వెళ్ళింది. రెండు మూరల దూరంలో నిలబడ్డ భర్తను చూడనేలేదు.

సగం చెరిగిన చిరునామాలు చదివి వేల ఉత్తరాలు ఇంటింటికీ చేర్చిన మనిషి, సొంత ఇంట్లో ఇది చదవలేకపోయానే అని తనూ ఆ మొగ్గను తడిమి చూశారు.

"నీకెలా తెలిసిందయ్యా?" అన్నారు గుసగుసగా.

"పాత గోడంతా దుమ్మేనండి. తీగ మీద మాత్రం చెయ్యి ఆనేంత మేర మెరుపు. రోజూ తడిమితే తప్ప గార అలా నునుపెక్కదు. మెట్ల దగ్గరికొచ్చేసరికి పట్టుకోడానికి ఏమీ లేదు."

"అందుకేనా ఎవరింట్లోనూ ఏ వంకరా మార్చవు?"

"ఎవరి చెయ్యి దేన్ని నమ్ముకుని ఉందో మనకేం తెలుసండి," అన్నాడు మేస్త్రి, తాపీ తుడుచుకుంటూ.

ఆదివారం బావమరిది రానే వచ్చాడు. "బావా, ఒంటె ఇంకా ఉందే!"

"ముప్పావు అంగుళం," అన్నారు పోస్టుమాస్టరు గారు ఛాతీ విరుచుకుని. "కొలిపించి మరీ చేయించాను. రేపు మీ అక్కను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, నువ్వూ రా."

బావమరిది గోడ వంక, బావ వంక మార్చి మార్చి చూశాడు. ఈసారి నిర్ఘాంతపోవడం తన వంతు కానందుకు పోస్టుమాస్టరు గారు కాస్త సంతోషించి, గోడ తడపడానికి వచ్చిన మేస్త్రిని పక్కకు లాగారు.

"వంటింటి గుమ్మం దగ్గర కూడా ఇంకో తప్పు చేసిపెట్టవయ్యా."

"నా పేరు పోతుందండి."

"ఎవరికీ చెప్పనులే. చిన్న మొగ్గే కదా."

"మొగ్గొద్దు," అని వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "చిలకను పెట్టమనండి."