కత్తి వేలు, మంత్రం వేలు

అల్లూరు దగ్గర రొయ్యల కంపెనీలో తలలు తీసి పొట్టు ఒలిచే పని ఫ్లోరాది. పొద్దున ఏడు నుంచి నాలుగు దాకా చేతులు ఐసు నీళ్లలోనే. సాయంత్రం ఇంటికొచ్చి ఒక గంటసేపు ఫోన్‌లో యుద్ధం. ఆ గంట కోసమే మిగతా రోజంతా భరించేదంటే నమ్మండి.

ఆ ఆటలో పదిమంది జట్టుకట్టి రాక్షసుల కోటల మీద పడతారు. కత్తివాళ్లు ముందు నిలబడి కొడతారు, మంత్రగాళ్లు వెనక నుంచి నిప్పులు కురిపిస్తారు. ఫ్లోరా ఎంచుకున్నది రెండూ చేసే మాంత్రిక యోధురాలిని. రెంటికీ చెడ్డ రేవడని ఆ పాత్రను ఎవరూ ముట్టుకోరు. కత్తి దెబ్బ తగిలితేనే మంత్రశక్తి నిండుతుంది, మంత్రం వేస్తే ఖర్చవుతుంది. కత్తినే నమ్ముకుంటే ఒంటి మీద గట్టి కవచం లేదు, చస్తుంది. మంత్రాన్నే నమ్ముకుంటే నాలుగు వేసేసరికి శక్తి అయిపోయి బొమ్మలా నిలబడుతుంది. నాలుగు దెబ్బలు, ఒక మంత్రం, పక్కకు దూకడం, మళ్లీ నాలుగు దెబ్బలు. ఫ్లోరాకు ఈ వరుస ఊపిరంత అలవాటు. కత్తి కుడి బొటనవేలికి, మంత్రాలు ఎడమ బొటనవేలికి పెట్టుకుంది. జట్టు నాయకుడు అక్బర్, నెల్లూరులో ఏసీలు రిపేరు చేసే మనిషి, "నువ్వు లేకపోతే మేము కోట గడప గూడా తొక్కలేము ఫ్లోరక్కా" అనేవాడు. కంపెనీలో ఆమెను పిలిచేది టేబుల్ నంబరుతో. అందుకే ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండేది.

దసరా దాటాక కుడి బొటనవేలు మొద్దుబారడం మొదలైంది. మొదట గోరు కింద తిమ్మిరి. తర్వాత వంగిన వేలు లేవదు. నాలుగు దెబ్బలు కొడితే రెండే పడుతున్నాయి, మంత్రానికి శక్తి చాలడం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద కోటలో ఆమె చచ్చింది, ఆమె వెనకే జట్టంతా చచ్చింది.

"వేలు లేవడంలా అక్బరూ" అంది.

"ఆడలేక మద్దెల ఓడంట" అని మైకులో ఎవరో నవ్వారు.

అక్బర్ నవ్వలేదు. "ఫోను నొక్కీ నొక్కీ అట్టయిందేమో అక్కా. ఒక నెల ఆపు. నీ చోటు ఉంచుతాలే" అన్నాడు.

పాపం, మంచి మనసుతోనే అన్నాడు. ఫ్లోరా కూడా నమ్మింది. తప్పు చేసిన పిల్లలా ఆట తీసేసి నెలంతా ఓర్చుకుంది. ఐసు పని మాత్రం ఒక్క పూట మానలేదు. నెల తిరిగాక ఆట తెరిస్తే కత్తి ఒక్కసారీ లేవలేదు. ఎడమ వేలితో నాలుగు మంత్రాలు వేసి నిలబడిపోయింది. ఆటలో ఎన్నడూ వాడని కుడి చూపుడు వేలు కూడా మొద్దుబారిందని అప్పుడు గమనించింది. మానాల్సింది ఏదో అప్పటికి గాని ఆమెకు తట్టలేదు.

కంపెనీలోనూ ఒలుపు సగానికి పడిపోయింది. సూపర్‌వైజర్ నరేంద్రబాబు వచ్చి టేబుల్ దగ్గర నిలబడ్డాడు.

"ఐసులో చెయ్యి చచ్చుబడింది సార్. ప్యాకింగులో ఎయ్యండి" అని బతిమాలింది.

"ఐసేం చేసిందిమే? ఫోన్లో కత్తి తిప్పుతావంట గదా, అందరూ చెప్పుకుంటా ఉండారు. వేళ్లు ఆడ పోగొట్టుకోని మా మీదికి నెడతావా? రేపట్నించి రాబాక."

మర్నాడు ఆమెతో పాటు తల్లి మాలకొండమ్మ కూడా వచ్చింది. అదే షెడ్డులో ఇరవై రెండేళ్లు రొయ్యలు ఒలిచి మానుకున్న మనిషి. గేటు దగ్గర నరేంద్రబాబుకు అడ్డంగా నిలబడి, ఎప్పుడూ కొంగు కింద ఉండే కుడిచెయ్యి బయటికి తీసింది. మూడు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. అది ముసలితనమేనని కూతురు కూడా అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. సిగ్గుతో ఫ్లోరా తల వంచుకుంది.

"నాకు ఫోను ఎత్తను గూడా తెలవదు నాయనా" అంది మాలకొండమ్మ. "ఈ చెయ్యి ఏ ఆట ఆడిందో చెప్పు."

నరేంద్రబాబు గడియారం చూసుకుని లోపలికి నడిచాడు. ఫ్లోరా టేబుల్ దగ్గర కొత్త పిల్ల అప్పటికే ఐసులో చేతులు పెట్టింది.