ఐదక్షరాల ఖాళీ

మాబు సారు టైపు ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లీషు పాటల వల్లే మూతపడిందని కోయిలకుంట్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడపిల్లలకు టైపు నేర్పమంటే పాటలు పెట్టి కూర్చున్నాడట, పెద్దలు కోప్పడి తాళం వేయించారట. ఈ కథ చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ మెట్లెక్కి చూసినవారు కారు. అయినా ఇన్నేళ్ళూ నేను వాళ్ళతో వాదనకు దిగలేదు. వాదించడం చేతకాక కాదు, ఆ మాట మొదట పుట్టింది నా నోట్లోనే కనుక.

పోయిన నెల మైదుకూరులో ఒక జిరాక్సు షాపు ముందు నిలబడి ఉండగా లోపలి నుంచి, సారు గదిలో రోజూ మోగిన ఆ పాట వినిపించింది. మొదట ఒట్టి డ్రమ్ము, ఎనిమిది దెబ్బలు. తర్వాత కీబోర్డు, దాని మీద సన్నని గొంతు. చేతిలోని కాగితాల మీద నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. కౌంటరు వెనుక కంప్యూటరు ముందున్న నలభై ఏళ్ళావిడ కూడా అదే తాళానికి కొడుతోంది. ఆ పాటకు టైపు కొట్టే వేళ్ళు ఒక్క గదిలోనే తయారై ఉండాలి. మాబు సారు మీకేమవుతారని అడిగాను. మా నాయనేనంది. పేరు షమీమ్. సారు పోయి మూడేళ్ళయిందట.

ఆ గది కోయిలకుంట్ల బస్టాండు వెనుక మిద్దె మీద ఉండేది. ఆరు మిషన్లు, ఒక టేప్‌రికార్డరు, సారు బావమరిది కువైట్ నుంచి తెచ్చిన క్యాసెట్టు. బ్యాండు పేరు మేమెవరమూ సరిగ్గా పలకలేక దాన్ని నలుగురి పాట అనేవాళ్ళం. అట్ట మీద ముగ్గురు జుట్టు ఎగదువ్వుకుని మన వైపే చూస్తుంటారు. డ్రమ్ము కొట్టే నాలుగో మనిషికి సగం మొహమే పడింది. సారు మెచ్చుకునేది ఆ సగం మొహాన్నే. నేనేమో ఇంటర్ పాసైన గర్వంతో దడదడా కొట్టేదాన్ని. మిషన్‌లో అక్షరాల కడ్డీలు ఒకదాని మీదొకటెక్కి ఇరుక్కునేవి. సారు వాటిని ఓపిగ్గా విడదీస్తూ, "పాడేటోడు గోల చేస్తాండాడు, గిటారోడు ఎగురుతాండాడు. ఎనకాయప్పను ఇను పాపా, యాడికీ పోడు. వాళ్ళంతా తిరిగొచ్చేది ఆయప్ప కాడికే," అనేవాడు. అప్పటిదాకా నాకు పాటంటే పాడే గొంతే. పాటను నిలబెట్టేవాడు వెనుక కూర్చుంటాడని నాకు చెప్పింది ఒక టైపు మాస్టారు.

శనివారాలు పాటలోని మాటలు చెవులతో విని టైపు కొట్టాలి. పల్లవిలో ఒకచోట ఆ గాయకుడు దేనికోసమో ఎదురుచూస్తున్నానంటాడు. సరిగ్గా ఆ మాట దగ్గరే గొంతు తగ్గి కీబోర్డులో కలిసిపోతుంది. నేను 'రెయిన్' అని కొట్టాను. ఏటా కరువుకు జనం వలసపోయే కోసిగి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఉరుకుందమ్మ 'ట్రైన్' అని కొట్టింది. రైలు కోసం ఎవరైనా అంత జాలిగా పాడతారా అని నేను వాదన లంకించుకున్నాను. ఆ పిల్ల మిషన్ మీది తల ఎత్తకుండా, "మా తట్టు వానకు ఎవురూ కాచుకోరక్కా. అది రాదని తెలుసు. రైలుకే కాచుకుంటారు," అంది. గదంతా నవ్వింది. నాకు మండింది.

సారు క్యాసెట్టు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. చివరికి తన కాగితంలో ఆ చోట స్పేస్‌బార్ మాత్రం నొక్కాడు. "ఇనపడంది కొట్టగూడదు. ఖాళీ ఇడ్సల్ల," అన్నాడు. నేను ఊరుకుంటానా? ఖాళీ కొలిచాను. ఐదక్షరాలు. ఇంగ్లీషులో రెయిన్‌కు నాలుగే. ట్రైన్‌కే చోటు పెట్టారు, ఇదేం న్యాయమని నిలదీశాను. "పెద్ద మాటకు చోటిడిస్తే చిన్న మాటా పడతాది. చిన్నదానికిడిస్తే పెద్దది పట్టదు గదా, తగాదా పాపా," అని నవ్వాడు.

ఆ కోపంతోనే ఇంటికి పోయి మా చిన్నాయనతో, ఆడ టైపూ లేదు గీపూ లేదు, పొద్దుగూకులూ పాటేనన్నాను. చిన్నాయన టీ అంగడిలో ఆ మాటనే అన్నాడు. వారం తిరక్కుండా ఇద్దరమ్మాయిలు రావడం మానేశారు. సారు నన్ను ఒక్క మాటా అనలేదు. నేను పరీక్ష పాసై డిగ్రీకి కడప వచ్చేశాను. మరుసటేడు పోయి చూస్తే మిద్దె తలుపుకు తాళం. ఎందుకని ఎవరినీ అడగలేదు. ఎవరితోనైనా తగువుకు పోగలను గాని, ఆ జవాబు వినే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

ఇదంతా షమీమ్‌కు అక్కడే చెప్పేశాను. ఆమె పాట తగ్గించింది. "మీ మాటకు మూసింటే మిషన్లు అమ్మేసుండేటోడు గదక్కా. ఆరూ లారీకెత్తుకొని ఈడికొచ్చినాడు. ఈడ దస్తావేజులు కొట్టేదానికి గిరాకీ ఉండాదని మా మామ పిలిస్తే వచ్చినాడు. ఈడా అదే పాట, పోయేదాకా," అంది. నన్ను ఎగాదిగా చూసి, "అయితే తగాదా పాప మీరేనా?" అంది. నేను బెంచీ మీద కూర్చుని నీళ్ళడిగి తాగాను. ముప్పై అయిదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న కడ్డీని ఎవరో మెల్లగా విడదీసినట్టయింది.

ఆమె పాత ఫైలులోంచి ఆ కాగితం తీసింది. సారు కొట్టిన పాట. ఐదక్షరాల ఖాళీలో, సగం నలుపు సగం ఎరుపుండే రిబ్బన్ ఎర్ర భాగంతో, రెయిన్ అని ఉంది. దాని పక్కన ఒక్క అక్షరమంత చోటు ఇంకా మిగిలే ఉంది. ఎప్పుడు కొట్టాడో షమీమ్‌కు తెలియదు. ఆ పాట మాటలు ఫోన్‌లో వెతికితే ఒకచోట రెయిన్ అని, ఇంకోచోట ట్రైన్ అని ఉంది.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో వాదన ముదిరి, నాకు తెలియని దాన్ని గట్టిగా అనబోయినప్పుడు నా బొటనవేలు బల్ల మీద స్పేస్‌బార్ నొక్కుతుంది. ప్రతిసారీ కాదులెండి. ఇక పాట సంగతి నాకక్కర్లేదు. సారునే ఒకటి అడగాలి. ఆ మాట మీకు నిజంగానే వినపడిందా సారూ, లేక నా నోటికి జడిసి కొట్టినారా?